సుగ్గి డబ్బు, డబ్బాపొడి, మూడు రూపాయల వడ్డీ

పొదుపు గురించి వినిపించే సలహాలన్నీ ఒకటో తారీఖున జీతం పడే ఇంటిని మనసులో పెట్టుకుని చెప్పేవే. కర్నూలు జిల్లా కోడుమూరులో అట్లాంటి ఇళ్లు ఎన్ని? మగ్గం మీద చీర దిగితేనే నేతగాడికి కూలి. బుడ్డలో (వేరుశనగ), పత్తో, ఉల్లిగడ్డో మార్కెట్టుకు చేరితేనే రైతు చేతికి నాలుగు రూపాయలు. వానలు ఎగ్గొట్టిన ఏడు కర్నూలు పడమటి పల్లెల నుంచి పిల్లాపాపలతో గుంటూరు మిరపకోతలకు సుగ్గికి, అంటే వలస కూలికి, పోయేవాళ్లకైతే ఆ నాలుగు నెలల సంపాదనే ఏడాదంతటికీ ఆధారం. ఇక్కడ డబ్బు నెలనెలా రాదు. ఒక్కసారిగా వస్తుంది, ఇంట్లో చంటిపిల్లలుంటే అంతకన్నా తొందరగా పోతుంది. అందుకే పట్నం సలహాలు ఇక్కడ సగం పనికిరావు. ఊళ్లో చెప్పుకునే సలహాల్లోనూ సగం అపోహలే.

అపోహ: ఖర్చులన్నీ పోగా మిగిలింది దాచుకోవాలి.

వాస్తవం: చిన్నపిల్లలున్న ఇంట్లో మిగలడమనేది ఉండదు. డబ్బు వచ్చిన రోజే తీసి పక్కన పెట్టాలి, ఎంత చిన్న మొత్తమైనా సరే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద తిరగబడిన ఆడవాళ్లే ఆ తర్వాత పొదుపులక్ష్మి సంఘాలకు దారి చూపారు. అప్పట్లో పొదుపు రోజుకు ఒక రూపాయి. ఇప్పుడు తల్లికి వందనం పథకం కింద బడికి పోయే బిడ్డకు 13,000 రూపాయలు తల్లి ఖాతాలో పడేదీ ఒకేసారే. అందులో రెండు వేలు ఆ వారమే పోస్టాఫీసులో వేస్తే ఉంటాయి. దసరా దాకా చూద్దాంలే అనుకుంటే ఉండవు.

అపోహ: అప్పున్నా పరవాలేదు, పక్కన పొదుపూ చేస్తున్నాం కదా.

వాస్తవం: ఈ లెక్క చాలామంది వేసుకోరు. మన దగ్గర వడ్డీ నూటికి నెలకు ఇంత అని చెబుతారు కాబట్టి మూడు రూపాయలంటే చిన్నదిగానే వినిపిస్తుంది. అది ఏడాదికి 36 శాతం. బిడ్డ జ్వరానికో, బారసాలకో తెచ్చిన పదివేలకు ఏడాదిలో వడ్డీయే 3,600. అదే పదివేలు పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌లో ఉంటే ఏడాదికి ఏడు శాతం కూడా రాదు. ఒక చేత్తో ఏడు తీసుకుంటూ ఇంకో చేత్తో ముప్పై ఆరు ఇస్తుంటే దాన్ని పొదుపు అనగలమా? బయటి అప్పు తీర్చడమే ఆ ఇంటికి అన్నిటికన్నా లాభమైన పొదుపు. డ్వాక్రా సంఘంలో ఉన్నవాళ్లకు ఒక దారుంది. జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ కింద బ్యాంకులు సంఘానికి మూడు లక్షల దాకా 7 శాతానికి అప్పిస్తాయి. ఆ డబ్బుతో మూడు రూపాయల బాకీ కట్టెయ్యడం తెలివైన పని. దానితో టీవీ కొంటే ఉన్న బాకీ పక్కన ఇంకో బాకీ చేరుతుంది, అంతే.

అపోహ: పెద్ద మొత్తం ఒకేసారి కట్టేస్తే చదువు ఉచితం, అసలు భద్రం.

వాస్తవం: దీని సంగతి కర్నూలు జిల్లాకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. నంద్యాల కేంద్రంగా నడిచిన కేశవరెడ్డి విద్యాసంస్థలు పిల్లల్ని చేర్చుకుంటూ తల్లిదండ్రుల నుంచి డిపాజిట్లు తీసుకున్నాయి. చదువు ముగిశాక డబ్బు వెనక్కి ఇస్తామన్నారు. 2015లో ఆ డబ్బు కోసం తల్లిదండ్రులు రోడ్డెక్కారు, సంస్థ అధినేత అరెస్టయ్యారు, కేసు సీఐడీ దాకా వెళ్లింది. అగ్రిగోల్డ్ సంస్థ డిపాజిట్ల దెబ్బ తగిలిందీ ఆ రోజుల్లోనే. బడికి డిపాజిట్ కట్టినవాళ్లలో అత్యాశ ఉందని నేననను. ఏటా ఫీజు కోసం అప్పు చెయ్యకుండా ఒక్కసారే భారం దించుకుందామనుకున్నారు, అందులో తప్పేముంది? చూసుకోవాల్సిందల్లా డబ్బు తీసుకునేవాడికి డిపాజిట్లు సేకరించే అనుమతి ఉందా అన్నదే. బ్యాంకులో ఒక్కొక్కరి డిపాజిట్‌కు ఐదు లక్షల దాకా బీమా ఉంది. బడి ఇచ్చే రసీదుకు అట్లాంటిదేమీ ఉండదు. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాలు వెతికేవాళ్లను చూసి నవ్వుతాం గానీ, దొరక్కపోతే వాళ్లకు పోయేది ఆ పూట కూలి మాత్రమే, అనుమతి లేనివాడి చేతిలో పెడితే పోయేది అసలే.

చిట్టీలదీ ఇదే దారి. 1982 చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్టరైన చిట్టీ వేరు, తెలిసినాయన వాకిట్లో పాడే చిట్టీ వేరు.

అపోహ: డబ్బాపొడి తాగితేనే బిడ్డ బలంగా పెరుగుతుంది.

వాస్తవం: మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప నీళ్లు కూడా అక్కర్లేదు. ఆ తర్వాత అంగన్‌వాడీలో గుడ్డు, పాలు, బాలామృతం ఉచితం. పాలల్లో కలిపే పొడుల మాటకొస్తే, మన ఆహార చట్టంలో ‘హెల్త్ డ్రింక్’ అనే నిర్వచనమే లేదు. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అంగళ్లను ఆ పేరున్న విభాగం నుంచి వాటిని తీసెయ్యమంది కూడా. వాటిలో చాలావాటిలో చక్కెర ఎక్కువ. మన చేలో పండే బుడ్డలు, బెల్లం కలిపి చేసిన ఉండ, రాగి జావ చాలవా? నెలకు రెండు డబ్బాలు మానేస్తే మిగిలే డబ్బు చిన్నదేమీ కాదు. టీకాలకూ ప్రైవేటు ఆసుపత్రికే పోవాలని లేదు. జాతీయ టీకాల పట్టికలో ఉన్నవన్నీ ప్రభుత్వ ఆసుపత్రిలో ఊరికే వేస్తారు.

అపోహ: ఆడపిల్ల పుట్టింది, ఇప్పటి నుంచే బంగారం కూడబెట్టాలి.

వాస్తవం: బంగారం ధర పెరిగింది, కాదనను. కానీ నగ కొనేటప్పుడు తరుగు, మజూరీ, మూడు శాతం జీఎస్టీ కడతాం. అమ్మేటప్పుడు అవేవీ తిరిగి రావు. పైగా మన ఇళ్లల్లో ఆ నగ పెళ్లిదాకా బీరువాలో ఉండదు, వానాకాలం విత్తనాలకు బ్యాంకులో కుదువకు పోతుంది. పదేళ్లలోపు ఆడపిల్ల పేరు మీద సుకన్య సమృద్ధి ఖాతాను 250 రూపాయలతో తెరవొచ్చు. ఏడాదికి కనీసం కట్టాల్సిందీ అంతే, పంట వచ్చిన ఏడు ఎక్కువ వేసుకోవచ్చు. 2024 జనవరిలో వడ్డీని 8.2 శాతం చేశారు, మూడు నెలలకోసారి ప్రభుత్వం రేటు ప్రకటిస్తుంది. పదిహేనేళ్లు కట్టాలి, ఖాతా తెరిచిన ఇరవై ఒక్క ఏళ్లకు ముగుస్తుంది. అయితే పిల్ల పదో తరగతి పూర్తి చేసేదాకా లేక పద్దెనిమిదేళ్లు నిండేదాకా మామూలుగా ఆ డబ్బు తియ్యలేం. అందుకని చేతిలో ఉన్నదంతా అందులో వేసి, జ్వరమొస్తే మళ్లీ మూడు రూపాయల వడ్డీకి పరిగెత్తడం తప్పు. రెండు మూడు నెలల ఇంటి ఖర్చు మామూలు ఖాతాలో ఉంచుకున్నాకే సుకన్య.

అపోహ: బిడ్డ పేరు మీద పాలసీ కడుతున్నాం, ఇంటికి ధీమా ఉన్నట్టే.

వాస్తవం: ధీమా కావాల్సింది సంపాదించే మనిషికి. మగ్గం నేసే తండ్రి, సుగ్గికి పోయే తల్లి, వీళ్లకేమైనా అయితే బిడ్డ పాలసీకి కట్టేదెవరు? ప్రధానమంత్రి జీవన్‌జ్యోతి బీమాకు ఏడాదికి 436 రూపాయలు, 18 నుంచి 50 ఏళ్ల వాళ్లు చేరొచ్చు. సురక్షా బీమాకు 20 రూపాయలు. మొదటిది ఏ కారణంతో చనిపోయినా, రెండోది ప్రమాదంలో చనిపోయినా రెండు లక్షలు ఇస్తుంది. బీమా ఏడాది జూన్ 1న మొదలవుతుంది కాబట్టి మే నెలాఖరుకు ఖాతాలో ఆ 456 రూపాయలు ఉండాలి, లేకపోతే బీమా ఆగిపోతుంది. సుగ్గి నుంచి వచ్చినవాళ్ల దగ్గర మేలో ఇంకా డబ్బు మిగిలి ఉంటుందన్న నమ్మకం లేదు. ఊరు చేరిన వారమే ఇద్దరి ఖాతాల్లో చెరో ఐదు వందలు వేసి వదిలెయ్యడం మంచిది.