మెమరీ కార్డు కాలాన్ని ఎలా లెక్కపెడుతుంది?

కెమెరాలో కార్డు పెడితే ఒక్కోసారి ‘కార్డు లేదు’ అంటుంది. తీసి, తుడిచి మళ్లీ పెడితే పనిచేస్తుంది. నింద కార్డు మీదకే పోతుంది. కానీ కొన్నిసార్లు తప్పు డ్రైవర్‌ది. అంటే కెమెరాలోని ప్రాసెసర్‌కూ కార్డుకూ మధ్య మాటలు నడిపే సాఫ్ట్‌వేర్‌ది.

కెమెరాతో మాట్లాడేటప్పుడు ఎస్‌డీ కార్డు సొంత గడియారం చూసుకోదు. ఒక తీగ మీద కెమెరా పంపే క్లాక్ పల్స్‌లను లెక్కపెట్టుకుంటుంది. ఒక కమాండ్ అంటే 48 బిట్లు, పల్స్‌కు ఒక బిట్. కార్డు 64 పల్స్‌ల లోపు జవాబివ్వాలి. జవాబు ముగిశాక మరో కమాండ్ పంపేముందు కనీసం 8 పల్స్‌లు గడవాలి. ఈ నియమాల్లో మైక్రోసెకన్ల ఊసే లేదు, ఉన్నది పల్స్‌ల లెక్కే. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

కార్డును నిద్రలేపేటప్పుడు క్లాక్ 400 కిలోహెర్ట్జ్ దాటకూడదు. ఆ తర్వాత మామూలుగా 25 మెగాహెర్ట్జ్ దాకా పోవచ్చు. ఆ వేగంలో 8 పల్స్‌లకు 0.32 మైక్రోసెకన్లు చాలు. ‘ఒక మైక్రోసెకను ఆగు’ అని రాసిన ప్రోగ్రామర్‌కు పరీక్షలో అంతా సవ్యంగానే కనిపిస్తుంది. అదే కోడ్ 400 కిలోహెర్ట్జ్ దగ్గర తప్పుతుంది. అక్కడ ఒక్క పల్స్‌కే 2.5 మైక్రోసెకన్లు, ఎనిమిదికి 20 పడతాయి. కార్డు పాత పని ముగించకముందే కొత్త కమాండ్ వచ్చి పడుతుంది. కొన్ని కార్డులు సర్దుకుంటాయి, కొన్ని మొరాయిస్తాయి.

తప్పు వెతకడానికి కోడ్‌లో ఒక ప్రింట్ లైను చేర్చగానే తప్పు మాయమవడం ఇంకో తమాషా. కొలిస్తే మారిపోయే వ్యవస్థలు భౌతికశాస్త్రం చదివినవాళ్లకు కొత్త కాదు గానీ, ఇక్కడ క్వాంటం మాయేమీ లేదు. సెకనుకు 115200 బిట్ల సీరియల్ లైను మీద ఒక్క అక్షరం పంపడానికే సుమారు 87 మైక్రోసెకన్లు పడుతుంది. ఈలోగా క్లాక్ నడుస్తూ ఉంటే ఎనిమిది పల్స్‌లు ఎప్పుడో దాటిపోతాయి.

దాంతో ప్రతి కమాండ్ తర్వాతా ఒక మిల్లీసెకను ఆపేద్దామనిపిస్తుంది. అది మరమ్మతు కాదు, అతుకు. వెయ్యి కమాండ్లకు ఒక సెకను ఊరికే పోతుంది. పైగా కరెంటు ఆదా కోసం జవాబు రాగానే క్లాక్ ఆపేసే కంట్రోలర్లుంటాయి. పల్స్ లేకపోతే కార్డుకు కాలమే గడవదు, గంటసేపు ఆగినా అది సున్నాతో సమానమే. క్లాక్ తీగకూ కమాండ్ తీగకూ లాజిక్ ఎనలైజర్ తగిలించి పల్స్‌లు లెక్కపెడితే గుట్టు బయటపడుతుంది. ఎనిమిది పల్స్‌లు ఇచ్చాకే క్లాక్ ఆపేలా డ్రైవర్‌ను సరిదిద్దాలి.

డేటా రాసేటప్పుడు లెక్క వేరు. పని పూర్తయ్యేదాకా కార్డు ఒక డేటా తీగను కిందికి లాగి పట్టుకుంటుంది, ‘ఆగు’ అన్నట్టు. ఎస్‌డీహెచ్‌సీ కార్డులకు ఇందుకు 250 మిల్లీసెకన్ల దాకా గడువుంది. కొందరు ఈ గడువును ‘లూప్ లక్షసార్లు తిప్పు’ అని రాస్తారు. ప్రాసెసర్ వేగం పెరిగితే ఆ లక్షా ముందే అయిపోతుంది. ఇక్కడ మాత్రం అసలు గడియారమే చూడాలి, తీగ పైకి లేచిందో లేదో మధ్యమధ్యలో గమనిస్తూ ఉండాలి. అది లేవకముందే డ్రైవర్ ‘అయిపోయింది’ అంటే మనం నమ్మి కార్డు లాగేస్తాం. పెళ్లి ఫొటోల్లో ఆఖరిది సగం బూడిదరంగులో తేలడానికి ఇదీ ఒక కారణం.