పువ్వుల టీ లెక్క

మియాపూరుకూ చందానగరుకూ నడుమ మా మదీనాగూడ వున్నది. మేము వుండేది అయిదో అంతస్తు. పెరడు లేదు గనక మా తోటంతా బాల్కనీ కటకటాలకే. వాటిని పట్టుకుని ఒక శంఖపుష్పం తీగ పాకింది.

ఒకనాటి సాయంకాలం మా మనుమరాలు ఆ పూలు అయిదారు కోసి వేడినీళ్ళ గ్లాసులో వేసింది. చూస్తూ వుండగానే నీళ్ళు సిరాలాగా నీలంగా మారినవి. నాలుగు చుక్కలు నిమ్మరసం పిండేసరికి నీలం కాస్తా వంకాయరంగు అయింది. మరో గ్లాసులో చిటికెడు వంటసోడా వేస్తే ఆకుపచ్చకు తిరిగింది! (పిల్లలూ, పెద్దవాళ్ళకు చూపించకుండా మీరు ఏ పువ్వునూ ఇట్లా నీళ్ళలో వేయకండి. గన్నేరు చూడటానికి అందమైనదే, కాని విషం.)

ఈ గారడీ చేసేది ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం. నేరేడుపండులోనూ, ఎర్రటి పుల్లని గోంగూరపువ్వు టీలోనూ వున్నవి ఈ జాతి రంగులే. నిజానికి గోంగూర టీకి వాడేది పువ్వు కాదు. పువ్వు రాలాక కాయను అంటిపెట్టుకుని వుండే దళసరి రక్షకపత్రాలు.

ఈ రంగులను యాంటీఆక్సిడెంట్లు అంటారు. పేరు చూసి జడవకండి. కోసిన వంకాయ ముక్క నల్లబడటం మీరు చూసే వుంటారు. గాలిలోని ప్రాణవాయువు చేసే పని అది. ఒక ముక్కకు నిమ్మరసం పూసి, మరొకదాన్ని వూరికే వదిలి చూడండి. నిమ్మరసంలోని సి విటమిను ప్రాణవాయువు ధాటిని తనమీద వేసుకుని ముక్కను కాపాడుతుంది. పులుపు కూడా దానికి సాయపడుతుంది.

మన ఒంట్లోనూ, తిన్న అన్నం శక్తిగా మారేటప్పుడు, ఫ్రీ రాడికల్స్ అనే దుడుకు అణువులు పుడతవి. వాటిలో ఒక ఎలక్ట్రానుకు జోడు వుండదు; ఆ జోడును పక్క అణువు నుంచి లాక్కుంటవి. యాంటీఆక్సిడెంట్లు తమ ఎలక్ట్రానును ఇచ్చి వాటిని చల్లారుస్తవి. అట్లాగని ఈ దుడుకువాళ్ళంతా శత్రువులు కారు. మన తెల్లరక్తకణాలు క్రిములను చంపేది ఈ ఆయుధంతోనే!

పైగా గాజుగొట్టంలో గెలిచిన పదార్థం ఒంట్లోనూ గెలుస్తుందని లేదు. మనం తాగిన ఆంథోసయనిన్లలో నెత్తురులోకి చేరేది కొద్ది పాలే. ఫిన్లండులో 29 వేలమంది పొగతాగేవారితో ఒక పరీక్ష జరిపారు. వారిలో కొందరికి కారట్ రంగు అయిన బీటా కెరోటీనును ఏళ్ళ తరబడి మాత్రలుగా ఇచ్చారు. 1994లో ఫలితం చూస్తే, ఆ మాత్రలు మింగినవారిలో ఊపిరితిత్తుల కాన్సరు తగ్గకపోగా నూటికి 18 వంతులు హెచ్చింది.

ఇదంతా మనుమరాలికి చెబుతూ వుండగా కింది అంతస్తు పెద్దమనిషి వచ్చి కూర్చున్నాడు.

"మాస్టారూ, నేను రోజూ మూడు కప్పులు గోంగూరపువ్వు టీ తాగుతున్నాను. రక్తపుపోటు మాత్రలు మానేసి పదిరోజులయింది," అన్నాడు సంతోషంగా.

నా గుండె ఝల్లుమన్నది. "మొన్న చూపించుకుంటే పై అంకె ఎంత వున్నది?" అని అడిగాను.

"నూట డెబ్భై."

2010లో అమెరికాలో, రక్తపుపోటు కొద్దిగా హెచ్చుగా వున్న 65 మందితో ఒక పరీక్ష చేశారు. రోజుకు మూడు కప్పుల చొప్పున ఆరు వారాలు ఆ టీ తాగినవారికి పై అంకె సగటున 7 తగ్గింది. ఆ రుచి మాత్రమే గల వేరే పానీయం తాగినవారికి 1 తగ్గింది. మంచిదే. అయితే లెక్క వేయాలి గదా!

"నూట డెబ్భైలో ఏడు పోతే ఎంతమ్మా?" అన్నాను మనుమరాలితో.

"నూట అరవైమూడు, తాతయ్యా!"

పెద్దమనిషి కాసేపు మాట్లాడలేదు. తరవాత లేచి చెప్పులు తొడుక్కున్నాడు. "డాక్టరు తొమ్మిదింటిదాకా వుంటాడు," అని మెట్లు దిగి వెళ్ళాడు.

వంకాయరంగు గ్లాసు అట్లాగే వుండిపోయింది. చల్లారిన తరవాత నేనూ మా మనుమరాలూ చెరిసగం తాగాము.