స్టాండు మీది స్పీకరు స్థిరంగా ఉందా?

గాజువాక దగ్గర ఒక డాబా మీద జరిగిన గృహకూటం మాకు ఇంకా కళ్ల ముందే ఉంది. మూడుకాళ్ల స్టాండు మీద సౌండ్ బాక్సు ఎక్కించి, దాని ముందే చాప పరచి పిల్లలను కూర్చోబెట్టాము. రెండో పాట అందుకునేసరికి సముద్రం వైపు నుంచి గాలి లేచింది. ఒక తల్లి తన బిడ్డను ఒడిలోకి తీసుకున్న కాసేపటికే బాక్సు ఒరిగి, ఆ బిడ్డ కూర్చున్న చోటనే పడింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. దేవునికి స్తోత్రం చెప్పుకొన్నాము. కాని ఆ స్టాండు నిలబెట్టినది మేమే. తప్పు గాలిది కాదు, మాది.

ఎందుకు పడుతుంది?

పదిహేను కిలోల బాక్సు ఎక్కడికి పోతుందిలే అనుకుంటాము. నేల మీద ఉన్నంతసేపు అది నిజమే. ఆరడుగుల ఎత్తుకు ఎక్కించాక లెక్క మారిపోతుంది. స్టాండు కాళ్లు నడిమి గొట్టం నుంచి రెండేసి అడుగులు చాచి ఉన్నాయనుకుందాము. రెండు కాళ్ల నడుమ ఖాళీగా ఉన్న వైపున ఆసరా ఒక్క అడుగే. ఆ వైపుకు పడదోయడానికి పైన రెండున్నర కిలోల తోపు చాలు. పరుగెత్తే పిల్లవాడు తగిలినా, వైరు ఎవరి కాలికైనా తట్టుకున్నా అంత తోపు వస్తుంది. గాలి వేగం రెండింతలైతే దాని తోపు నాలుగింతలవుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు చెట్లు, కరెంటు స్తంభాలు కూలడం చూసినవారికి గాలి బలం సంగతి వేరే చెప్పనక్కరలేదు.

రేవు నేర్పే పాఠం

విశాఖ రేవు 1933లో ప్రారంభమైంది. ఓడల వాళ్లు పాటించే నియమాలు రెండు మనకు పనికి వస్తాయి. బరువు అడుగున ఉండాలి. పైనున్నది కిందిదానికి బిగించి ఉండాలి. సరుకు లేని ఓడ అడుగున నీళ్లు నింపుకొని నడుస్తుంది. ఓడ మీది కంటెయినర్లను నాలుగు మూలలా తాళాలతో ఒకదానికొకటి బిగిస్తారు. స్పీకరుకూ ఈ రెండే సూత్రాలు.

మందిరంలో, పందిట్లో

స్టాండు కాళ్లను పూర్తిగా చాచండి. ఒక్కొక్క కాలి మీద ఐదు కిలోల ఇసుక మూట వేయండి. పైన చెప్పిన స్టాండును పడదోయాలంటే అప్పుడు ఐదు కిలోల తోపు కావాలి. ఇసుక మీద ఇల్లు కట్టినవాని సంగతి మన పిల్లలకూ తెలుసు. మూటలో ఉన్న ఇసుక మాత్రం మేలే చేస్తుంది.

గొట్టం నిటారుగా ఉందో, పిన్ను పూర్తిగా దిగిందో చూడండి. బాక్సు పిడికి గట్టి తాడు వేసి గోడ కొక్కేనికో, పందిరి గుంజకో కట్టండి. గాలి ఉన్నప్పుడు ఎత్తు తగ్గించండి. వైర్లను నేలకు టేపుతో అతికించండి. స్టాండు ఎంత ఎత్తో అంత దూరం లోపల ఎవరినీ కూర్చోబెట్టకండి.

ఇంట్లో

ఇంట్లో పాటలు వినే చిన్న స్పీకర్లకూ ఇదే జాగ్రత్త కావాలి. స్టాండు పలకకు, పెట్టెకు స్క్రూ రంధ్రాలుంటే బిగించండి. లేకపోతే పోస్టర్లు అతికించే మెత్తని జిగురు ముద్దను శనగగింజలంతేసి చేసి నాలుగు మూలలా పెట్టి నొక్కండి. పెట్టె ఊగకపోతే మాట కూడా స్పష్టంగా వినిపిస్తుంది. స్టాండు గొట్టం బోలుగా ఉంటే అడుగు సగం వరకు ఇసుకతో నింపండి. బీచి ఇసుక మాత్రం వద్దు. దానిలోని ఉప్పు ఇనుమును తినేస్తుంది. ఏటి ఇసుక కడిగి, బాగా ఎండబెట్టి పోయండి.

ఉక్కు నగరమైనా ఉప్పుగాలికి ఉక్కు తుప్పు పట్టకుండా ఉండదు. నెలకొకసారి బోల్టులు, పిన్నులు చూసి, తుప్పు తిన్నవి మార్చండి.

ఆ సాయంత్రం తరువాత మా కూడికల్లో ఒక అలవాటు వచ్చింది. మైకు పరీక్షించకముందే యౌవనస్థులలో ఒకరు స్టాండు చుట్టూ తిరిగి, పైన చెయ్యి వేసి, ప్రతి వైపుకూ మెల్లగా నెట్టి చూస్తారు. దానికి రెండు నిమిషాలు పడుతుంది. పిల్లల చాప పరిచేది ఆ తరువాతనే.