పిల్లల దొంగలొచ్చారట!

(రేడియో స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



మొన్నామధ్య మా అమీన్‌పూర్ కాలనీకి దుప్పట్లు అమ్ముకునే కుర్రాడొకడు వచ్చాడు. తెలుగు రాదు, హిందీ కూడా అంతంతమాత్రమే. పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీల పుణ్యమా అని ఒడిశా నుంచీ, బీహారు నుంచీ పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళు మా వైపు చాలామందే. అయినా ఆ రోజు అందరం తలుపులు బిడాయించుకున్నాం. పొద్దున్నే ఫోన్లలో ఓ కబురు వచ్చింది మరి: 'పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగింది, దుప్పట్ల వాళ్ళ వేషంలో తిరుగుతోంది, అందరికీ పంపండి' అని. దాన్ని పదిమందికి పంపినవాళ్ళలో నేనూ ఉన్నాను. వీధి చివర నలుగురు అతని మూట విప్పించారు. దుప్పట్లు తప్ప ఏముంటాయి? కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

అతను ప్రాణాలతో వెళ్ళాడు, అదే నయం. 2018లో ఇదే పుకారు తెలంగాణ అంతా తిరిగింది. ఆ మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను పిల్లల దొంగ అనుకుని కొట్టి చంపారు. జులైలో హైదరాబాద్ నుంచి బీదర్ వైపు వెళ్ళిన స్నేహితులు కొందరు దారిలో పిల్లలకు చాకొలెట్లు ఇచ్చారు. అంతే! ఊరివాళ్ళు అడ్డగిస్తే భయపడి కారెక్కారు. కారుకంటే ముందు వాట్సాప్‌లో వాళ్ళ వీడియో ముర్కి గ్రామం చేరింది. అక్కడ దారికి అడ్డం కట్టి కొట్టారు. ఒక యువ ఇంజనీరు చనిపోయాడు. బీదర్ మనకెంత దూరం? జహీరాబాద్ దాటితే వచ్చేస్తుంది.

నకిలీ వార్త అంటే పూర్తిగా అల్లిన అబద్ధమే కానక్కర్లేదు. నిజమైన బొమ్మకు తప్పుడు మాట తగిలించినా నకిలీయే. నన్నడిగితే అదే ఎక్కువ ప్రమాదం, 'కళ్ళారా చూశాం' అంటాం కదా! ఆ రోజుల్లో అందరినీ హడలగొట్టిన ఒక వీడియోలో మోటారు సైకిలు మీద వచ్చినవాళ్ళు పిల్లాణ్ణి ఎత్తుకుపోతారు. అది పాకిస్తాన్‌లోని కరాచీలో, పిల్లల భద్రత గురించి తల్లిదండ్రులను హెచ్చరించడానికి తీసిన చిత్రం. చివర్లో పిల్లాణ్ణి తెచ్చి దింపేస్తారు. ఎవరో ఆ చివరి ముక్క కత్తిరించి వదిలారు.

మరి ఇంత తొందరగా ఎలా పాకుతుంది? పంపింది మన పిన్నో, ఆడపడుచో. వాళ్ళ మీద నమ్మకంతో వార్తనూ నమ్ముతాం. మొదట పుట్టించినవాడెవడో ఎవరూ అడగరు. పైగా పిల్లల మాట వచ్చేసరికి 'పోనీ, పంపితే పోయేదేముంది' అనిపిస్తుంది. పోయేది మన ఇంట్లో కాదు, దుప్పట్ల మూట మోసేవాడి దగ్గర.

2018లోనే వాట్సాప్ వారు మన దేశంలో ఒక కబురును ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా కట్టడి చేశారు. 2020 నుంచి, చాలా చేతులు మారిన కబురు ఒక్కో చోటికే వెళుతుంది. దాని మీద రెండు బాణాల గుర్తుంటుంది. ఆ గుర్తు కనిపిస్తే అది మీ పిన్ని సొంత మాట కాదన్నమాట. నిజంగా అనుమానముంటే 112కి ఫోన్ చేయండి.

జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రమా రాజేశ్వరిగారు ఊరూరికీ కానిస్టేబుళ్ళను పంపి, పాటలతో, డప్పులతో ఈ సంగతే చెప్పించారు. అక్కడ ఒక్క ప్రాణమూ పోలేదు.

నేనూ ఆ పదిమందికీ 'అది అబద్ధం' అని రాశాను. మా పెద్దక్క ఒక్కతే ఫోన్ చేసింది: "అయ్యో, మా బడి టీచర్లందరికీ పంపేశాను కదే!"