చీనా దేశపు పచ్చ తేయాకు



నేడు చీనా దేశపు పచ్చ తేయాకును గూర్చి మీతో నాలుగు మాటలు ముచ్చటింపదలచితిని. తేయాకు మనకు క్రొత్త గాదు. "తే" యనునది చీనా తీరమందలి ఫూకియన్ సీమవారి పలుకు. ఆ దేశమున తక్కిన పెక్కు సీమలవారు దానినే "చా" యందురు. మనలో కొందరు "తేనీరు" అనియు, కొందరు "చాయ్" అనియు అనుచున్నారు. రెండు మాటలకును పుట్టినిల్లు చీనాయే. మాట వచ్చినది గాని, పచ్చ తేయాకును త్రాగు పద్ధతి మాత్రము దానితో మన యిండ్లకు రాలేదు. అందువలన నాకు గలిగిన నగుబాటును మొదట చెప్పెదను.

నా తమ్ముని కుమారుడు హాంగ్‌చౌ నగరము చూచి వచ్చుచు నాకొక చిన్న పొట్లము తెచ్చి యిచ్చెను. విప్పి చూడగా అందు పొడి లేదు. పసిమి కలసిన పచ్చని లేతాకులు, అదిమిపెట్టినట్లు చదునైనవి, కానవచ్చెను. నేను వానిని మన యింటి తీరున నీళ్లలో వేసి మరగించి, పాలును పంచదారయు కలిపించితిని. అది చేదు కషాయమయ్యెను. "ఇంత దూరమునుండి దీనినేల మోసికొని వచ్చితివి నాయనా?" అంటిని. వాడు నొచ్చుకొనక, "పెదనాన్నగారూ, దోషము ఆకుది కాదు, మన పొయ్యిది" అని పలికి, మిగిలిన ఆకుతో తానే మరియొక గ్లాసు సిద్ధపరచి యిచ్చెను. అది త్రాగిన పిదప నా మాటకు నేనే సిగ్గుపడితిని.

ఆ యాకు పేరు లుంగ్‌జింగ్, అనగా మహానాగపు బావి. చెచియాంగ్ రాష్ట్రమున హాంగ్‌చౌ చెంతనున్న పడమటి సరస్సు చుట్టుపట్ల కొండలపై అది పండును.

పచ్చ తేయాకును, మనము నిత్యము వాడు నల్ల తేయాకును ఒకే జాతి చెట్టు ఆకులు. భేదమంతయు తయారీలో నున్నది. కోసిన వంకాయ ముక్క గాలి సోకి నల్లబడుట మీరెరుగుదురు. నలిపిన తేయాకును అట్లే గాలికి విడిచి, రంగు మారిన పిదప ఆరబెట్టినచో నల్ల తేయాకగును. గాలి పని చేయకమునుపే ఆకునకు వేడి తగిలించినచో ఆ మార్పు నిలిచిపోవును, పచ్చదనము దక్కును. జపాను వారు దీనికై ఆవిరి పట్టుదురు. చీనాలో మూకుటిలో వేచుట వాడుక.

లుంగ్‌జింగ్ ఆకును కోసి, కొన్ని గంటలు పలుచగా పరచి వాడనిత్తురు. తరువాత కాగిన యినుప మూకుటిలో వేసి, గరిటె లేక వట్టి అరచేతితోనే త్రిప్పుచు, అదుముచు వేచుదురు. చల్లార్చి మరల నొకమారు వేచుదురు. ఆకు చదునగుట ఈ యదుముటవలననే. ఇప్పుడు యంత్రములును ఈ పని చేయుచున్నవి; అయినను చేతి వేపునకే మన్నన. 2022 సంవత్సరమున యునెస్కో సంస్థ చీనావారి సంప్రదాయ తేయాకు తయారీ విద్యలను మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చినది.

కోతకు కాలమే ప్రాణము. ఏప్రిల్ 5 ప్రాంతమున ఛింగ్‌మింగ్ అను పర్వము వచ్చును. నాడు చీనావారు పెద్దల సమాధులను శుభ్రపరచి అర్చింతురు. అంతకు ముందు గిల్లిన చిగురు మిక్కిలి విలువైనది. చలికి మెల్లగా పెరిగిన చిగురులో తీపినిచ్చు సారము హెచ్చు. ఎండలు ముదిరినకొలది వగరు పెరుగును.

ఇక రుచి. మొదట దోరగా వేచిన పెసల వాసన ముక్కునకు తగులును. నాలుకపై సన్నని వగరు సోకును. మ్రింగిన పిమ్మట గొంతులో తియ్యదన మూరును. ఉసిరికాయ నమిలి మంచినీళ్లు త్రాగినపుడు కలుగు తీపి వంటిదది. పాలు, పంచదార కలిపినచో ఈ తీపి మరుగుపడును.

త్రాగు విధము సులభము. మరిగిన నీటిని దించి, కొన్ని నిమిషములు ఆరనిచ్చి, ఇంచుమించు 80 డిగ్రీల వేడిమికి వచ్చినపుడు గ్లాసులోని 3 గ్రాముల ఆకుపై పోయవలెను. ఆకులు తేలి, మెల్లగా విచ్చుకొని, అడుగునకు దిగును. మూడవ వంతు మిగిలియుండగానే మరల వేడినీరు పోసికొందురు. ఇట్లు రెండు మూడు మారులు ఆకు రుచి నిచ్చును. రాత్రివేళ త్రాగినచో నిద్ర చెడవచ్చును.

తేమ దీనికి పరమశత్రువు. అందుచే అచ్చటి కాపులు జాడి అడుగున కాల్చిన సున్నపురాళ్లను గుడ్డలో కట్టి పెట్టి, ఆకును కాగితపు పొట్లములుగా పైన దాచెడివారు. సున్నము తేమను పీల్చుకొనును.

అయ్యలారా! దూరదేశమునుండి ఎవరైన మీకీ యాకును తెచ్చి యిచ్చినచో నావలె తొందరపడకుడు. చేదు తోచినచో ముందుగా నీటి వేడిని పరీక్షింపుడు. ఎవరో అరచేయి కాల్చుకొని వేచిన యాకును మన పొయ్యిమీద మరల కాల్చి నిందించుట న్యాయము గాదు.