స్టాగ్ ఇంజను: మార్చినవారు, బాగుచేసినవారు

బ్రిటన్‌లోని ట్రయంఫ్ కంపెనీ 1970లో స్టాగ్ అనే కారును మార్కెట్లోకి తెచ్చింది. నలుగురు కూర్చునే, పైకప్పు మడిచే ఆ కారుకు రూపం గీసినవాడు ఇటలీకి చెందిన జొవాన్నీ మికెలోట్టి. మద్రాసులో తయారై మన ఊళ్లలోనూ తిరిగిన స్టాండర్డ్ హెరాల్డ్ గుర్తున్నవారికి ఆయన పేరు తెలియకపోయినా ఆయన గీత తెలుసు. ఆ కారు కూడా ట్రయంఫ్‌దే, మికెలోట్టి గీసిందే. స్టాగ్ కోసం ట్రయంఫ్ సొంతంగా ఒక వి8 ఇంజను తయారుచేసుకుంది: 2,997 సీసీ, 145 హార్స్‌పవర్. 1977లో తయారీ ఆగేనాటికి సుమారు 26 వేల కార్లు వచ్చాయి, వాటితోపాటే మహా వేడెక్కే కారన్న చెడ్డపేరూ వచ్చింది. ఎంతోమంది యజమానులు విసిగిపోయి ఆ ఇంజనును దించేసి రోవర్ వి8నో, ఫోర్డ్ 3 లీటర్ల వి6నో, ట్రయంఫ్ వాళ్లదే ఆరు సిలిండర్ల ఇంజనునో ఎక్కించుకున్నారు. మరికొందరు పట్టువదలకుండా పాతదాన్నే బాగుచేయించుకున్నారు. మొరాయించే ఇంజనును మార్చాలా, బాగుచేయించాలా అన్న ప్రశ్నను తేల్చుకోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనబడదు. ఇక్కడ రెండు దారుల్లోనూ జనం నడిచారు, ఫలితాలు యాభై ఏళ్లుగా కళ్లముందున్నాయి. వాటిని చూశాక నాకు తోచేది ఇది: స్టాగ్ ఇంజన్లలో చాలావాటి ప్రాణం తీసింది వాటి చుట్టూ తిరగాల్సిన నీరే. ఆ సంగతి కనిపెట్టినవాడికి మరమ్మతు చాలింది.

ఈ ఇంజను ఒంటరిగా పుట్టలేదు. ఒకే కుదురు నుంచి రకరకాల పరిమాణాల ఇంజన్లు తీయాలన్నది ట్రయంఫ్ ఆలోచన. 45 డిగ్రీలు పక్కకు వాలిన నాలుగు సిలిండర్ల ఇంజను ముందు స్వీడన్‌లో సాబ్ 99 కారుకు వెళ్లింది, తర్వాత ట్రయంఫ్ సొంత కారు డోలమైట్‌కు వచ్చింది. అలాంటి రెండు వరసలను 90 డిగ్రీల కోణంలో కలిపితే వి8. మొదట దాన్ని 2.5 లీటర్లతో, పెట్రోల్ ఇంజెక్షన్‌తో అనుకున్నారు. 1968లో ఇంజనీరింగ్ బాధ్యత తీసుకున్న స్పెన్ కింగ్ కాలంలో అది 3 లీటర్లకు పెరిగింది, ఇంజెక్షన్ పోయి రెండు కార్బురేటర్లు వచ్చాయి. కాగితం మీద చూస్తే ఇందులో తప్పుపట్టవలసింది పెద్దగా లేదు. నడిపిస్తే అది ఇచ్చే శబ్దాన్నీ, మెత్తదనాన్నీ ఆనాడు తిట్టినవారు కూడా మెచ్చుకున్నారు.

చిక్కంతా వేడి దగ్గర వచ్చింది. బ్లాకు పోత ఇనుము, పైన రెండు హెడ్లు అల్యూమినియం. మీటరు పొడవున్న అల్యూమినియం 80 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 1.8 మిల్లీమీటర్లు సాగుతుంది. పోత ఇనుము అందులో సగమే. మామూలు వేడిలో ఆ తేడాను రెంటి మధ్య ఉండే గ్యాస్కెట్ ఓర్చుకుంటుంది, హద్దు దాటితే హెడ్డు వంగుతుంది. పైగా రెండు వేర్వేరు లోహాలు ఒకే నీటిలో ఉంటే అక్కడ చిన్న బ్యాటరీ తయారైనట్టే; అల్యూమినియం తినుకుపోతుంది, ఆ మడ్డి రేడియేటర్ సన్నగొట్టాల్లో పేరుకుంటుంది. దీనికి విరుగుడు తుప్పు నిరోధకం కలిసిన కూలెంట్‌ను ఏడాది పొడవునా ఉంచడం. అప్పటి బ్రిటన్‌లో చాలామందికి అది చలికాలపు మందు మాత్రమే. వేసవిలో వట్టి నీళ్లు పోసేవారు, డీలర్లు కూడా వద్దనలేదు. దానికితోడు కొన్ని బ్లాకుల్లో పోత పోసినప్పటి ఇసుక పూర్తిగా శుభ్రం కాకుండా మిగిలిపోయి నీటి దారులకు అడ్డుపడింది. వాటర్ పంపును రెండు వరసల మధ్య చాలా ఎత్తున బిగించారు. నీళ్లు కాస్త తగ్గినా ముందు ఎండిపోయేది అదే. పంపు ఎండితే ప్రవాహం ఆగుతుంది, సెన్సర్ నీటిలో మునిగి లేకపోతే మీటరులో ముల్లు కూడా నిజం చెప్పదు. ఇక హెడ్డు విప్పుదామంటే ఉక్కు స్టడ్లు అల్యూమినియంలో తుప్పుపట్టి బిగుసుకుపోయేవి, అవి కూడా అన్నీ ఒకే కోణంలో ఉండవు. గ్యాస్కెట్ మార్చే చిన్న పనికే రోజులు పట్టడం, హెడ్డు విరగడం జరిగాక ఇంజనే దించేద్దామన్న మాట యజమానికి సబబుగా వినబడిందంటే ఆశ్చర్యం లేదు. టైమింగ్ చైన్లది మాత్రం ఇంజను సొంత బలహీనతే. పొడవైన ఒంటివరస చైన్లు త్వరగా సాగేవి. తప్పితే వాల్వులు పిస్టన్లకు తగిలేవి.

ఇన్ని చిక్కులున్నప్పుడు రోవర్ వి8 వేసుకున్నవాడిదే తెలివి కాదా అని ఎవరైనా అడగవచ్చు. 3,528 సీసీ, మొత్తం అల్యూమినియం, అమెరికాలో బ్యూయిక్ నుంచి హక్కులు కొని రోవర్ మెరుగుపరచిన గట్టి ఇంజను అది. శ్రద్ధగా బిగించిన చోట చక్కగా నడిచింది కూడా. కానీ కొత్త ఇంజనును అదే మడ్డిపట్టిన రేడియేటర్‌కు కలిపితే అదీ వేడెక్కుతుంది. మౌంటింగులు, గేర్‌బాక్సు జోడింపు, సైలెన్సర్ గొట్టాలు, తగ్గిన బరువుకు సరిపోయే ముందు స్ప్రింగులు, వీటన్నిటినీ యజమానే కొత్తగా అమర్చుకోవాలి. కంపెనీ ఏళ్ల తరబడి పరీక్షించి తేల్చవలసిన లెక్క ఒక్క వర్క్‌షాపు మీద పడుతుంది. బాగుచేసినవారు చేసిందేమిటంటే బ్లాకు కడిగించడం, మంచి రేడియేటర్ వేయించడం, కూలెంట్ ఏడాదంతా ఉంచడం, చైన్లను గడువు దాటకముందే మార్చడం. అలా చూసుకున్న స్టాగ్‌లు ఇప్పటికీ దూరాలు వెళ్తున్నాయి. సొంత ఇంజనుతో ఉన్నవాటికే సాధారణంగా ధర కూడా ఎక్కువ పలుకుతుంది.

ఈ తెలివంతా తర్వాత వచ్చింది, 1975లో రోడ్డు పక్కన ఆవిరి కక్కుతున్న కారుతో నిలబడ్డవాడికి ఇది తెలియదు కదా అనే అభ్యంతరం ఇంకా బలమైనది. నిజమే, అతన్ని తప్పుపట్టలేం. అయితే ఒక్కో సిలిండర్ కంప్రెషన్ చూడటం, నీటి వ్యవస్థకు ఒత్తిడి పెట్టి ఎక్కడ కారుతుందో పట్టుకోవడం, విప్పిన హెడ్డు మీద సరళపట్టీ పెట్టి వంపు కొలవడం అప్పటికే తెలిసిన పనులు. ఇవి చేయకుండా చెప్పే ఏ నిర్ణయమైనా ఊహే. తుక్కు కారు నుంచి తెచ్చిన సెకండ్ హ్యాండ్ ఇంజను రీబోరు కన్నా చవక అనే లెక్క మన దగ్గర తరచుగా వినిపిస్తుంది. ఆ ఇంజను ఎన్నిసార్లు వేడెక్కిందో, ఏ నీళ్లు తాగిందో ఎవరికీ తెలియదు. దానికీ ఇవే పరీక్షలు చేయించాకగాని చవక అనడానికి లేదు.

వేరే ఇంజను వేయడం కంపెనీ స్థాయిలో జరిగినా ఏమవుతుందో మద్రాసు చూసింది. 1985లో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ రోవర్ ఎస్‌డి1 కారు శరీరాన్ని తెచ్చి, అందులో పాత వ్యాన్‌గార్డ్ కారు వంశానికి చెందిన 1,991 సీసీ ఇంజను పెట్టి స్టాండర్డ్ 2000 పేరుతో అమ్మింది. ఆ ఇంజను తెలిసినదే, మన మెకానిక్కులకు అలవాటైన తరహాదే. బ్రిటన్‌లో వి8 లాగిన ఆ పెద్ద ఒళ్లును మాత్రం అది లాగలేకపోయింది, మూడేళ్లకే తయారీ ఆగిపోయింది.

మార్చక తప్పని సందర్భాలూ ఉన్నాయి. బ్లాకు పగిలినప్పుడు, బోరు చివరి సైజు దాటి స్లీవు వేయడానికీ గోడ మందం మిగలనప్పుడు, క్రాంకు విరిగి దానికి జత దొరకనప్పుడు ఇంజను దించాల్సిందే. అప్పుడు కూడా అదే మోడల్ ఇంజను దొరికితే మౌంటింగులూ గేర్‌బాక్సూ మారవు. మన దగ్గర ఇంజను నంబరు ఆర్‌సీలో ఉంటుంది కాబట్టి దించకముందే రవాణా శాఖ అనుమతి తీసుకోవాలి. రేడియేటర్‌ను మాత్రం పాత ఇంజనుతోపాటే విప్పించి చూడాలి.