గుడ్డులోని కొలెస్ట్రాల్ - గుండె ఆరోగ్యం

గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే అగ్రస్థానంలో ఉన్నది. అయినప్పటికీ నడివయసు దాటిన పలువురు గుండెజబ్బు భయంతో పచ్చసొనను పారవేసి తెల్లసొన మాత్రమే తింటున్నారు. ఈ భయంలోని వాస్తవమెంతో విస్తరణ శాస్త్రవేత్తలు గ్రహించడం అవసరం.

భయానికి మూలం: 1913లో రష్యా శాస్త్రవేత్త అనిచ్‌కోవ్ కుందేళ్ళకు కొలెస్ట్రాల్ మేపగా వాటి ధమనులలో కొవ్వు పేరుకొన్నది. కుందేలు శాకాహార జంతువు కనుక ఈ ఫలితం మనిషికి యథాతథంగా వర్తించదు. అయితే 1968లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఆహార కొలెస్ట్రాల్ రోజుకు 300 మిల్లీగ్రాములు మించరాదనీ, వారానికి మూడుకు మించి పచ్చసొనలు తినరాదనీ సూచించడంతో గుడ్డుపై అనుమానం బలపడింది.

శరీరంలో జరిగేది: 50 గ్రాముల గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు, 5 గ్రాముల కొవ్వు, 186 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ ఉంటాయి. కొలెస్ట్రాల్ అంతా పచ్చసొనలోనే ఉంటుంది. అయితే దేహంలోని కొలెస్ట్రాల్‌లో అధిక భాగాన్ని కాలేయం తదితర కణజాలాలే తయారుచేస్తాయి. ఆహారం ద్వారా ఎక్కువగా అందినపుడు ఈ తయారీ తగ్గుతుంది. అందువలన చాలామందిలో రక్తంలోని స్థాయి స్వల్పంగానే మారుతుంది. సంతృప్త కొవ్వు ప్రభావం ఇంతకంటే ఎక్కువ. అది కాలేయంలోని ఎల్.డి.ఎల్. గ్రాహకాల పనిని తగ్గించి, చెడు కొలెస్ట్రాల్ రక్తంలోనే నిలిచిపోయేటట్లు చేస్తుంది. గుడ్డులో సంతృప్త కొవ్వు 1.6 గ్రాములే. ఉడికించిన గుడ్డునూ, వనస్పతిలో వేయించిన గుడ్డునూ ఒకే గాటన కట్టరాదు.

పరిశోధన ఫలితాలు: అమెరికా ప్రభుత్వ ఆహార మార్గదర్శకాలు 2015-20 సంచికలో 300 మిల్లీగ్రాముల పరిమితిని తొలగించాయి. 2019లో దాదాపు 30,000 మంది అమెరికన్లపై వెలువడిన విశ్లేషణలో గుడ్ల వాడకం పెరిగిన కొద్దీ గుండెజబ్బు ముప్పు కొంత పెరిగినట్లు కనబడింది. 2020లో వెలువడిన మరొక విశ్లేషణలో రోజుకొక గుడ్డు వరకు అటువంటి సంబంధం కనబడలేదు. ఇవి పరిశీలనాత్మక అధ్యయనాలు. గుడ్డుతోపాటు తిన్న ఇతర పదార్థాల ప్రభావాన్ని వీటిలో పూర్తిగా వేరుచేయడం కష్టం.

క్షేత్రస్థాయి సలహా: ఆరోగ్యవంతులు సమతులాహారంలో భాగంగా రోజుకొక గుడ్డు తీసుకొనవచ్చును. కొందరి శరీరం ఆహార కొలెస్ట్రాల్‌కు అధికంగా స్పందిస్తుంది. కావున మధుమేహం, గుండెజబ్బు, వంశపారంపర్యంగా అధిక కొలెస్ట్రాల్ ఉన్నవారు రక్తపరీక్ష ఆధారంగా వైద్యుని సలహా పాటించాలి. పెద్దల జబ్బుకు సంబంధించిన ఈ జాగ్రత్తను ఎదిగే పిల్లలకు ఆపాదించి, మధ్యాహ్న భోజనంలోని గుడ్డును దూరం చేయడం తగదు. తక్కువ ఖర్చుతో నాణ్యమైన మాంసకృత్తులను అందించే ఆహారం వారికి అత్యవసరం.